పొరుగున ఒక్క ఏడాది



డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న అబ్బాయో, అమ్మాయో మీ ఇంట్లో ఉన్నారనుకోండి. ఒకనాటి రాత్రి అన్నం తింటూ, "నాన్నా, ఒక్క ఏడాది పొరుగు దేశం పోయి వస్తాను. జీతం రాదు. తిండీ, ఉండడానికి చోటూ ఇస్తారు. అక్కడి పిల్లలకు చదువు చెప్పాలి" అన్నారనుకోండి. మీరేమంటారు?

నాకు తెలిసి చాలా ఇళ్ళలో మొదటి జవాబు ఒక్కటే. "జీతం లేని పనికి అంత దూరమెందుకు?" ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. మన సరిహద్దు జిల్లాలవాళ్ళకు ఊరు విడిచి వెళ్ళడం కొత్త కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దగ్గర ఒక మాట ఉంది. ఈ మూడు బాయిల్లో ఏదో ఒకదానికి మనిషిని పంపని ఇల్లు మన పల్లెల్లో అరుదు. కానీ వెళ్ళినవాళ్ళంతా పొట్ట చేత పట్టుకుని వెళ్ళినవాళ్ళే. తిరిగి వచ్చేటప్పుడు ఎంత తెచ్చారన్నదే లెక్క. అందుకే ఏమీ తేకుండా వచ్చే ప్రయాణం మనకు వింతగా కనిపిస్తుంది.

ఈ ప్రయాణం గురించే ఈనాడు మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ఇందుకోసం మిమ్మల్ని మనకు బాగా తెలిసిన చోటికే తీసుకువెళతాను. ముంబయిలోని కామాటిపురాకు, ఆ చుట్టుపక్కల మనవాళ్ళు కాపురమున్న చాళ్ళకు. అక్కడ నేను తీర్చని బాకీ ఒకటి ఉంది. దాని సంగతి కూడా చెబుతాను.

కామాటిపురా అనగానే కొందరు ముఖం పక్కకు తిప్పుకుంటారు. ముందు ఆ పేరు ఎలా వచ్చిందో విందాం. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవుల ఊరు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీళ్ళు మహాలక్ష్మి, వర్లీల నడుమ నుంచి లోపలికి వచ్చి పల్లపు నేలలన్నీ ముంచేవి. 1780ల్లో హార్న్‌బీ అనే గవర్నరు కాలంలో అక్కడ గట్టు కట్టి నీటిని ఆపారు. పల్లం మెల్లగా ఆరింది. ఆరిన నేల మీద రోడ్లు వెయ్యాలి, రాళ్ళు కొట్టాలి, ఇళ్ళు కట్టాలి. 18వ శతాబ్దం చివరి నుంచి ఈ పనులకు నిజాం రాజ్యం నుంచి తెలుగు కూలీలు, మేస్త్రీలు వెళ్ళారు. వాళ్ళనే కామాటీలు అన్నారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటు కామాటిపురా అయింది. ఈనాటికీ అక్కడి గల్లీలకు ఒకటో గల్లీ, రెండో గల్లీ అని అంకెలే పేర్లు.

శ్రోతలు ఒక సంగతి గమనించాలి. ఆనాడు మన ఊళ్ళ నుంచి బొంబాయి వెళ్ళడమంటే ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వెళ్ళడం కాదు. ఇది నిజాం ఏలుబడి, అది ఇంగ్లీషువారి ఏలుబడి. సిక్కా వేరు, కచేరీ వేరు, మాట వేరు. పాస్‌పోర్టు లేదన్న మాటే గాని, మన తాతముత్తాతలు వెళ్ళింది పొరుగు దేశానికే. కాబట్టి పొరుగు దేశంలో పరాయివాడిగా బతకడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇలా వెళ్ళినవాళ్ళు కేవలం కూలి పుచ్చుకుని ఊరుకోలేదు. పూనాలో జ్యోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24న సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. జయా కరాడీ లింగు, వ్యంకు బాళాజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు వంటి పేర్లు మరాఠీ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తాయి. తాము పుట్టని గడ్డ మీద, తమది కాని భాషలో, పేదపిల్లల చదువు కోసం జరిగిన పనికి వాళ్ళు చెయ్యి కలిపారు. సంపాదించడానికి వెళ్ళినవాళ్ళు సేవ కూడా చెయ్యగలరనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇప్పుడు దూరదేశం నుంచి వచ్చిన ఒకాయన సంగతి విందాం. కామాటిపురాకు ఆనుకుని నాగ్‌పాడా ఉంది. 1925లో అమెరికా నుంచి క్లిఫర్డ్ మాన్షార్ట్ అనే యువకుడు అక్కడికి వచ్చాడు. అమెరికన్ మరాఠీ మిషన్ తరఫున పనిచెయ్యడానికి వచ్చినవాడు. తరువాత నాగ్‌పాడాలో ఒక ఇల్లు నెలకొల్పాడు. దానికి ఆశ్రమమనీ, ఉద్ధరణ కేంద్రమనీ పేరు పెట్టలేదు. 'నైబర్‌హుడ్ హౌస్' అని పెట్టాడు. అంటే ఇరుగుపొరుగువారి ఇల్లు. ఆ ఇంట్లోనే 1936లో సమాజ సేవ నేర్పే బడి మొదలైంది. సర్ దోరాబ్జీ టాటా ట్రస్టు డబ్బు పెట్టింది. మాన్షార్ట్ దానికి మొదటి డైరెక్టరు. మనవాళ్ళు టిస్ అని పిలుచుకునే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఆ బడి నుంచి పెరిగినదే. దేశమంతటా పేరున్న ఆ సంస్థకు పునాది పడింది కామాటిపురా పక్క వీధిలో.

అయితే మాన్షార్ట్ ఒక్క ఏడాదికి వచ్చినవాడు కాదు. ఏళ్ళ తరబడి ఉన్నాడు. మరి ఒక్క ఏడాదిలో ఎవరైనా ఏం చెయ్యగలరు? ఇక్కడే నా బాకీ సంగతి చెప్పాలి.

మా చిన్నాయన వర్లీలో బి.డి.డి. చాల్‌లో ఉండేవాడు. బి.డి.డి. అంటే బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. 1920ల్లో ఆ శాఖ వర్లీ, నాయ్‌గావ్, శివడీ, డిలైల్ రోడ్డు ప్రాంతాల్లో కూలిజనం కోసం కట్టించిన నాలుగంతస్తుల కట్టడాలవి. ఒక్కో అంతస్తులో ఇరవై గదులు, కట్టడానికి ఎనభై. గది నూట అరవై చదరపు అడుగులు. అంతస్తు చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. కరీంనగరం, నిజామాబాదు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్ళిన మన పద్మశాలీలు, ఇతర కులాలవాళ్ళు వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి మిల్లుల్లో పనిచేస్తూ ఇలాంటి చాళ్ళలో ఉండేవారు. ఒక్కో ఖోలీలో ఎనిమిదిమంది, పదిమంది. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకునేవాడు. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో. నెలకొక మనియార్డరు, పండక్కొక ఉత్తరం.

నేను బి.ఏ. పూర్తి చేసింది 1981లో. ఆ ఎండాకాలం చిన్నాయన దగ్గరికి వెళ్ళాను. నిజామాబాదు నుంచి మన్మాడ్ దాకా అప్పట్లో మీటర్ గేజి బండి. అక్కడ బండి మారి బొంబాయి. చాల్‌లో మనవాళ్ళ సంఘం యువకులు నన్నొక మాట అడిగారు. "తెలుగు రాని కార్మికులకు రాత్రిబడి పెట్టాలని ఉంది. కింద గణపతి మండలివాళ్ళ గది ఇస్తామన్నారు. చెప్పేవాడు లేడు. నువ్వొక ఏడాది ఉంటావా?" నాకూ ఉత్సాహంగా ఉంది. ఉంటానన్నాను. ఏడాది ఉంటానని నలుగురిలో మాట ఇచ్చాను.

జూన్‌లో పదకొండుమందితో మొదలుపెట్టాం. వానలు ముదిరేసరికి ఏడుగురు మిగిలారు. వాళ్ళలో మెట్‌పల్లి దగ్గరి ఊరాయన ఒకాయన ఉండేవాడు. సాంచ ఖాతాలో పని. నాకంటె పదిహేనేళ్ళు పెద్ద. నేను "అన్నా" అంటే, ఆయన నన్ను "సారూ" అనేవాడు. ఈ వయసులో చదువెందుకన్నా అని ఒకసారి అడిగాను.

"నా బిడ్డ నాలుగో తరగతి చదువుతున్నది సారూ. ఉత్తరం పోతే తల్లికి చదివి వినిపిస్తది. కాని నేను ఇంకొకరికి చెప్పి రాయించాలె. ఇంకొకడు ముందట కూసుంటే సగం మాటలు గొంతులనే ఉంటయి" అన్నాడు.

శ్రోతలారా, ఆ మాట విన్న తరువాత గాని నేను చేస్తున్న పనేమిటో నాకు అర్థం కాలేదు.

అక్షరాలు అయ్యాయి. గుణింతాలకు దసరా దాటింది. షిఫ్టంతా నిలబడి వచ్చినవాళ్ళు, కళ్ళు మూతలు పడుతుంటే మోరీ దగ్గరికి వెళ్ళి నీళ్ళు చల్లుకుని వచ్చి కూర్చునేవారు. దీపావళి తరువాత ఒత్తులు మొదలుపెడదామని అనుకున్నాం. ఇంతలో మా ఊరి నుంచి ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. నవంబరు చివర బండెక్కాను. నా బదులు ఎవరినైనా పంపుతానని చెప్పాను. పంపలేదు. పంపడానికి ప్రయత్నం కూడా పెద్దగా చెయ్యలేదు. నన్నెవరూ తప్పుపట్టలేదు. ఉద్యోగం వచ్చినవాణ్ణి మన సమాజం ఎప్పుడు తప్పుపట్టింది?

1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది పని ఆపారు. ఆ సమ్మెకు ముగింపు అంటూ ఒక రోజు లేదు. నెలలు గడిచాయి, ఏడాది దాటింది. వేలమందికి మళ్ళీ ఉద్యోగం దొరకలేదు. చాళ్ళలోని మనవాళ్ళు కొందరు ఊళ్ళకు తిరిగి వచ్చారు, కొందరు భివండి సాంచలకు చేరారు. మనిషి చెదిరిపోయిన ఆ రోజుల్లో ఇంటికి ఉత్తరం ముక్క ఎంత అవసరమో మీరు ఊహించగలరు.

కొన్నాళ్ళకు చిన్నాయన నాకొక కార్డు పంపాడు. మెట్‌పల్లి అన్న రాసింది. నా చిరునామా తెలియక ఆయన చేతికిచ్చాడట. అందులో ఉన్నది ఇంతే. "సారూ. బివండిల ఉన. బిడకు ఉతరం రాసిన. మంచిగున."

బిడ్డ అన్నచోట బిడ. ఉత్తరం అన్నచోట ఉతరం. ఒక్క మాటకూ ఒత్తు లేదు. ఆయన తప్పు రాయలేదు. నేను నేర్పినంతవరకు సరిగ్గా రాశాడు. నేను ఉండి నేర్పవలసిన ఆరునెలలు ఆ కార్డులో ఖాళీగా కనిపించాయి.

అప్పటి నుంచి ఎవరైనా ఏడాది సేవ అంటే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఏడాదీ ఉంటావా?

ఏడాది అని లెక్క ఎందుకు పెట్టారో ఆలోచించండి. కొత్త చోటికి వెళ్ళినవాడు మొదటి మూడు నెలలు అక్కడివాళ్ళకు బరువే. నీళ్ళెక్కడ, బస్సెక్కడ, ఎవరిని ఏమని పిలవాలి, అన్నీ వాళ్ళే చెప్పాలి. మరో మూడు నెలలకు భాష పట్టుబడుతుంది, మనుషులు నమ్ముతారు. అసలు పని జరిగేది ఆ తరువాతి నాలుగు నెలల్లో. చివరి రెండు నెలలు తన పని ఇంకొకరికి అప్పగించడానికి. ఆరో నెలలో లేచి వచ్చినవాడు అందరి చేతా సేవ చేయించుకుని వచ్చినవాడే. నేను చేసింది అదే.

ఇలా యువకులు పరాయి దేశం వెళ్ళి పనిచేసే పద్ధతికి నూరేళ్ళ చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో పియెర్ సెరెజోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు, యుద్ధంలో నేలమట్టమైన ఫ్రాన్సు గ్రామమొకదానికి కొందరు యువకులను తీసుకువెళ్ళాడు. వాళ్ళలో జర్మన్లు కూడా ఉన్నారు. నిన్నటిదాకా శత్రువుగా ఉన్నవాడు పార పట్టుకుని వచ్చి ఇల్లు కట్టాడు. ఆ సెరెజోలే 1934 జనవరి బీహారు భూకంపం తరువాత మన దేశం వచ్చి, కూలిన పల్లెలను తిరిగి నిలిపే పనిలో పాల్గొన్నాడు. మన పొరుగున శ్రీలంకలో 1958లో ఎ.టి. అరియరత్నె అనే ఉపాధ్యాయుడు కొలంబో విద్యార్థులను కనతొలువ అనే మారుమూల పల్లెకు తీసుకువెళ్ళి వాళ్ళతో కలిసి శ్రమదానం చేయించాడు. సర్వోదయ శ్రమదాన ఉద్యమం అక్కడ పుట్టింది. ఐక్యరాజ్య సమితి 1970లో స్వచ్ఛంద సేవకుల విభాగం ఏర్పాటు చేసింది. ఐరోపాలో 1996 నుంచి యువకులు పొరుగు దేశంలో ఏడాది వరకు సేవ చేసే ఏర్పాటు ఉంది. జర్మనీ ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన పథకం కింద అక్కడి యువతీయువకులు మన దేశానికీ వస్తున్నారు.

మళ్ళీ కామాటిపురాకు వద్దాం. కూలీలు కట్టుకున్న ఆ పేట పందొమ్మిదో శతాబ్దిలోనే వేశ్యావాటికగా మారడం మొదలైంది. పేదరికంలో మోసపోయిన ఆడపిల్లలను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అక్కడ అమ్మారు. వాళ్ళలో మన తెలుగు ఆడపిల్లలూ ఉన్నారు, నేపాల్ ఆడపిల్లలూ ఉన్నారు. అయితే కామాటిపురా అంతా అదే కాదు. పనీపాటా చేసుకుంటూ తరాలుగా అక్కడే కాపురమున్న తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు పెళ్ళి సంబంధానికైనా, ఉద్యోగానికైనా చిరునామా చెప్పాలంటే జంకుతారు. తాత కట్టిన నగరంలో మనుమడు తన వీధి పేరు దాచుకోవలసి రావడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆ గల్లీల్లో రాత్రిపూట తల్లులు పనిలో ఉంటే పిల్లలు ఎక్కడ పడుకోవాలి? ఈ చిన్న ప్రశ్నను ప్రీతి పాట్కర్ అనే యువతి పట్టించుకున్నారు. ఆమె కూడా టిస్‌లో చదివినవారే. 1986లో 'ప్రేరణ' సంస్థ మొదలైంది. 1988లో ఆ సంస్థ కామాటిపురాలో పిల్లల కోసం రాత్రి సంరక్షణ కేంద్రం తెరిచింది. సాయంత్రం వచ్చిన పిల్ల అన్నం తిని, చదువుకుని, నిర్భయంగా నిద్రపోయి తెల్లవారి వెళుతుంది. వినడానికి ఇంత సులువైన సంగతి. కాని ప్రతిరాత్రీ, ఒక్క రాత్రి కూడా తలుపు మూయకుండా జరగాలి. సేవలో ఉన్న కష్టమంతా ఆ 'ప్రతిరాత్రీ' అన్న మాటలో ఉంది.

1996 ఫిబ్రవరిలో ముంబయి వేశ్యావాటికల మీద పోలీసులు పెద్ద ఎత్తున దాడి చేసి నాలుగువందలమందికి పైగా ఆడపిల్లలను విడిపించారు. వాళ్ళలో సుమారు సగంమంది నేపాలీలు. విడిపించారు గాని, తరువాత? వాళ్ళు నెలల తరబడి ప్రభుత్వ వసతి గృహాల్లో ఉండిపోయారు. వాళ్ళను తీసుకువెళ్ళడానికి వాళ్ళ ప్రభుత్వం వెనుకాడింది. చివరికి నేపాల్ స్వచ్ఛంద సంస్థలవాళ్ళు పూనుకుని, ఆ ఏడాది జూలైలో నూట ఇరవైమందికి పైగా అమ్మాయిలను కఠ్మాండుకు తీసుకువెళ్ళారు. పొరుగు దేశంలో చిక్కుకున్న ఆడపిల్లకు కావలసిన మొదటి సహాయం ఏమిటి? తన భాషలో "నీ పేరేమిటమ్మా, మీ ఊరేది?" అని అడిగే మనిషి. తిండి, బట్ట ఆ తరువాత.

అలా తిరిగి వెళ్ళినవారిలో కొందరు ఊరికే కూర్చోలేదు. ఆ 1996లోనే 'శక్తి సమూహ' అనే సంఘం పెట్టుకున్నారు. తమలాంటి ఆడపిల్లలను కాపాడే పని తామే చేపట్టారు. 2013లో ఆ సంఘానికి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. సేవ పొందేవాళ్ళు, సేవ చేసేవాళ్ళు అని మనం రెండు బెంచీలు వేసి కూర్చోబెడతాం. ఈ అమ్మాయిలు ఒక బెంచీ మీద నుంచి లేచి రెండో బెంచీ మీదికి నడిచారు. ఏడాది సేవకు వెళ్ళే పిల్లలకు ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలు. ఎదుటివాణ్ణి మన దయ కోసం చెయ్యి చాచినవాడిగా చూడరు.

ఇందులో చెడు కూడా ఉంది. అది చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు. విదేశీ యువకులు సేవ కోసం వస్తున్నారని తెలిసి, వాళ్ళ దగ్గర డబ్బు గుంజడానికే అనాథాశ్రమాలు తెరిచినవాళ్ళు నేపాల్‌లో ఉన్నారు. ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తరువాత బయటపడింది. చదువు చెప్పిస్తామని ఊళ్ళ నుంచి తెచ్చి అనాథలని బోర్డు కట్టారు. మంచి మనసుతో వచ్చిన పిల్లలు తమకు తెలియకుండానే ఆ వ్యాపారానికి గిరాకీ అయ్యారు. ఇక రెండేసి వారాలకు ఒకరు చొప్పున వచ్చిపోయే అక్కలకు, అన్నలకు అలవాటుపడిన చిన్నపిల్లలకు, ప్రతిసారీ ఒకరు విడిచిపోయినట్టే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడొస్తారని అడగడం కూడా మానేస్తారు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. మీ పిల్లలు వెళతామంటే వెంటనే కాదనకండి, వెంటనే సరేననకండి. కొన్ని ప్రశ్నలు అడగండి. పిలుస్తున్న సంస్థ ఎన్నేళ్ళుగా అక్కడ ఉంది? మీ అబ్బాయి రాకముందు ఆ పని ఎవరు చేశారు, వచ్చేశాక ఎవరు చేస్తారు? జబ్బు చేస్తే ఎవరు చూస్తారు? పిల్లలతో పని అయితే, వచ్చేవాళ్ళ నడవడి గురించి సంస్థ ముందుగా విచారిస్తుందా? ఎవరినీ విచారించకుండా పిల్లల మధ్యకు పంపే సంస్థ మంచిది కాదు. వాళ్ళు వేల రూపాయలు కట్టమంటే ఆ డబ్బు దేనికో రాతమూలకంగా అడగండి.

యువతీయువకులకు ఇంకొక మాట. నేపాల్ వెళ్ళడానికి మనకు వీసా అక్కరలేదు. ఐక్యరాజ్య సమితి సేవకుల విభాగంలో పద్దెనిమిది నుంచి ఇరవై ఆరేళ్ళవాళ్ళకు వేరే వరుస ఉంది. దారులు ఉన్నాయి. కాని బయలుదేరే ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి. నేను బొంబాయి బండి ఎక్కినప్పుడు నా దగ్గర ఉన్నది తెలుగు ఒక్కటే. అదే పనికివచ్చింది. మీ దగ్గర అంతకంటె ఎక్కువే ఉంది. ఆదిలాబాదు, భైంసా, బోధన్ ప్రాంతాల్లో పుట్టిన పిల్లలకు తెలుగు, మరాఠీ, హిందీ మూడూ నోటికి వస్తాయి. ఇది మీకు విశేషంగా తోచదు. కాని ముంబయిలో ఒక వసతి గృహంలో మాట పెగలక కూర్చున్న తెలుగు అమ్మాయి ముందు, ఆమె మాట పోలీసులకు, కోర్టుకు మరాఠీలో చెప్పగల మనిషి దొరకడం ఎంత పెద్ద విశేషమో అక్కడ పనిచేసేవాళ్ళు చెబుతారు.

ముంబయి నగరపాలక సంస్థ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది. అందులో తెలుగు ఒకటి. ఆ బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. చాళ్ళ స్థానంలో ఎత్తైన మేడలు లేస్తున్నాయి. వర్లీ బి.డి.డి. చాళ్ళు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. ఇల్లు పెద్దదైనందుకు సంతోషించాలి. దానితోపాటు తాత మాట మనుమడికి అందకుండా పోకూడదు. సాయంత్రం రెండు గంటలు కూర్చుని ఆ పిల్లలకు తెలుగు నేర్పడానికి ఎవరైనా ఏడాదిపాటు వెళితే, అది పొరుగు దేశ సేవకు తక్కువది కాదు. మొదట పొరుగు రాష్ట్రంలో ఏడాది నిలబడి చూడండి. అక్కడ నిలబడగలిగినవాడు కఠ్మాండులోనైనా, కొలంబోలోనైనా నిలబడతాడు.

వెళ్ళినవాళ్ళు మూడు సంగతులు గుర్తుంచుకోండి. మొదటి మూడు నెలలు చెప్పకండి, వినండి. అక్కడి పిల్లల ఫొటోలు తీసి నలుగురికీ చూపకండి, వాళ్ళ కష్టం మన గొప్పకు బొమ్మ కాకూడదు. వచ్చేటప్పుడు మీ పని ఎవరి చేతికి ఇచ్చారో, ఆ మనిషిని పేరుపెట్టి చూపించి రండి. పేరు చెప్పలేకపోతే మీ ఏడాది ఇంకా పూర్తి కాలేదన్నమాట.

మెట్‌పల్లి అన్న రాసిన కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయన బిడ్డ ఆ ఉత్తరాలు చదివి తల్లికి ఎలా వినిపించిందో నాకు తెలియదు. నాలుగో తరగతి పిల్ల కదా, ఎక్కడ ఒత్తు పడాలో తనే పెట్టుకుని చదివి ఉంటుంది. నాన్న రాసిన "బిడ"ను "బిడ్డ" అనే చదివి ఉంటుంది. పెద్దవాడు వదిలేసి వచ్చిన పనిని ఆ చిన్నపిల్ల అలా పూర్తి చేసిందని అనుకుంటాను. కాని ఆ భారం ఆ పిల్ల మీద పడకూడదు.

ఉద్యోగాలు వస్తాయి. ఆరునెలలు ఆలస్యంగా వచ్చినా వస్తాయి. మాట ఇచ్చి ఏడాదికి వెళ్ళిన అబ్బాయినో, అమ్మాయినో మధ్యలో రమ్మని మీరు ఉత్తరం రాయకండి. "ఉండి పూర్తి చేసి రా" అని రాయండి. ఆనాడు నాకు అలా రాసినవాళ్ళు లేరు. మీ పిల్లలకు మీరున్నారు.